నైట్రో ఆర్సీ ట్రక్కు మొదలుపెట్టాలంటే: దక్షిణ ఒడిశా తెలుగువారికి తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, కోరాపుట్, సునాబేడ. ఈ ఊళ్ళన్నిటిలోనూ తెలుగు ఇళ్ళున్నాయి. ఆర్సీ (రేడియో కంట్రోల్), అంటే రిమోట్‌తో నడిచే చిన్న మోడల్ ట్రక్కు పొగ కక్కుతూ దూసుకుపోయే వీడియో చూసి మనసు పారేసుకున్న కుర్రాళ్ళు, కుర్రాళ్ళంత ఉత్సాహమున్న పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఒక్క మాట ముందే చెప్పాలి. మన వైపు ఈ ఆటను నిలబెట్టేదీ, ఆపేసేదీ ఇంధనమే. అది ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకున్నాకే ట్రక్కు కొనండి.

నైట్రో ట్రక్కు అంటే పెట్రోలు బండేనా?

కాదు. కొందరు అమ్మకందారులు "పెట్రోలు ఆర్సీ" అని రాస్తారు గానీ, ఇందులో పోసేది మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ప్రత్యేక ఇంధనం. నూనె అంటే ఆముదం లేదా సింథటిక్, చాలా డబ్బాల్లో రెండూ ఉంటాయి. ట్రక్కుల ఇంధనంలో నైట్రోమీథేన్ మామూలుగా 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. కొత్తవాళ్ళకు 16 నుంచి 20 శాతం చాలు. మీ ఇంజిన్ మాన్యువల్ ఇంకో అంకె చెబితే దాన్నే పాటించండి.

నైట్రోమీథేన్ ప్రత్యేకత ఏమిటంటే, దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. ఒక కిలో పెట్రోలు మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కు 6.4 కిలోలు, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. అంటే సిలిండర్‌లోకి వచ్చిన అదే గాలితో ఎక్కువ ఇంధనం మండించవచ్చు. పిడికిలంత ఇంజిన్ నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరిగేటంత బలం అక్కడి నుంచే వస్తుంది.

స్పార్క్ ప్లగ్ ఉండదా?

ఉండదు. దాని చోట గ్లో ప్లగ్ ఉంటుంది. లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నైటర్‌తో, అంటే ప్లగ్‌కు తగిలించే చిన్న బ్యాటరీ పరికరంతో, దానికి సుమారు 1.2 నుంచి 1.5 వోల్టుల కరెంటు ఇస్తే ఎర్రగా కాలుతుంది. ఇంజిన్ అందుకున్నాక ఇగ్నైటర్ తీసేయవచ్చు. మిథనాల్ ఆవిరి ప్లాటినంతో తగిలి జరిగే చర్య, సిలిండర్‌లో ఒత్తిడి వల్ల పుట్టే వేడి, రెండూ కలిసి ఆ తీగను చల్లారనివ్వవు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన ఈ చిన్న వస్తువు మోడల్ ఇంజిన్ల రూపాన్నే మార్చేసింది. కాయిల్, కండెన్సర్, బ్యాటరీల బరువంతా ఒక్కసారిగా పోయింది.

అత్యవసరానికి పెట్రోలు పోస్తే?

పోయకండి. పెట్రోలు ప్లాటినం తీగను మిథనాల్ లాగా మండుతూ ఉంచదు, కాబట్టి ఇంజిన్ నడవదు. సిలికాన్ పైపులు ఉబ్బి పాడవుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఇంజిన్‌కు విడిగా ఆయిల్ లేదు. ఇంధనంలో ఉన్న నూనే దానికి ప్రాణం. నూనె లేకుండా కొద్దిసేపు తిరిగినా పిస్టన్ పట్టేస్తుంది.

ఇంధనం మన వైపు దొరుకుతుందా?

కిరాణా కొట్లోనో, పెట్రోలు బంకులోనో దొరికేది కాదు. హాబీ దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. ఇది మండే ద్రవం కాబట్టి విమానంలో వెళ్ళే పార్సిల్‌గా పంపరు. రోడ్డు మార్గంలో, అదీ ఇలాంటి సరుకు తీసుకునే కొరియర్ ద్వారానే రావాలి. కాబట్టి ట్రక్కుకు డబ్బు కట్టేముందు దుకాణానికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "మా పిన్‌కోడ్‌కు ఇంధనం పంపగలరా, ఎన్ని రోజులు పడుతుంది?" సూటిగా జవాబు రాకపోతే ఆ ట్రక్కు మీ ఇంట్లో అలంకారంగా మిగిలే అవకాశమే ఎక్కువ.

లెక్క కూడా వేసుకోండి. చిన్న ట్రక్కుల ట్యాంకు సుమారు 75 మి.లీ., పెద్దవాటిది 125 మి.లీ. పైన. 75 మి.లీ. ట్యాంకు సుమారు పది నిమిషాలు నడుస్తుంది. అంటే లీటరుకు పదమూడు ట్యాంకులు, రెండు గంటల ఆట. వారానికి ఒక్క సాయంత్రం ఆడేవాళ్ళకు కూడా లీటరు ఎన్నాళ్ళు వస్తుందో మీకే తెలిసిపోతుంది.

విశాఖ నుంచి రైల్లో తెచ్చుకోవచ్చా?

వద్దు. విజయనగరం, రాయగడ మీదుగా రైలు ఉంది కదా, సంచిలో ఒక డబ్బా పెడితే ఎవరు చూస్తారు అనుకునేవాళ్ళున్నారు. రైలులో మండే సరుకు తీసుకెళ్ళడం రైల్వే చట్టం 1989, సెక్షన్ 164 కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఈ ఇంధనంలోని మిథనాల్ 11, 12 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునేంత ఆవిరి వదులుతుంది. జనంతో కిక్కిరిసిన బోగీలో అది కారితే ఏమవుతుందో ఊహించండి. బస్సుకూ ఇదే మాట.

మీ సొంత బండిలో సాలూరు ఘాట్ మీదుగా తెచ్చుకుంటే, సీలు తీయని డబ్బాను నిలువుగా కట్టి ఉంచండి. ఎండలో మూసిన కారులో వదిలి టిఫిన్‌కు వెళ్ళకండి. కొండెక్కాక మూత మెల్లగా తిప్పండి, లోపల ఒత్తిడి ఉంటుంది.

మిథనాల్ కొని ఇంట్లోనే కలుపుకుంటే చవక కదా?

ఈ ఆలోచన పూర్తిగా మానుకోండి. కల్తీ సారా తాగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ గురించి, ప్రాణాలు పోయినవాళ్ళ గురించి పేపర్లో చదువుతుంటాం. ఆ సారాలో ఉండేది ఈ మిథనాలే. దాని అమ్మకం మీద, నిల్వ మీద ప్రభుత్వ నియంత్రణ ఉన్నది అందుకే. నైట్రోమీథేన్ కూడా ఇంట్లో కొలిచి కలిపే వస్తువు కాదు. పైగా నూనె పాలు కొద్దిగా తగ్గినా ఇంజిన్ పోతుంది. కంపెనీ సీలు వేసిన డబ్బానే కొనండి.

అయితే ఎలక్ట్రిక్ ట్రక్కు కొనుక్కోవడమే మేలా?

చాలామందికి మేలే. పదేళ్ళ పిల్లాడికి, మేడ మీద అద్దెకుండేవాళ్ళకు, చుట్టూ ఇళ్ళున్నవాళ్ళకు ఎలక్ట్రిక్కే సరైనది. ఇంజిన్ విప్పడం, శబ్దం విని సెట్టింగు పట్టుకోవడం, చేతికి నూనె అంటడం మీకు ఇష్టమైతేనే నైట్రో. బండి నడిపినంత సేపూ దాని బాగోగులు చూసుకోవాల్సి ఉంటుంది, ఆ సమయం కూడా ఆటలో భాగమే అనిపించాలి. నాకు అలాగే అనిపిస్తుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

మొదటి ట్రక్కుగా ఏది తీసుకోవాలి?

పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కు. మన నేల రాళ్ళు, గట్లు, కోసిన వరి మోళ్ళు. కింద ఎత్తు లేని రోడ్డు కార్లు ఇక్కడ నడవవు. 1/10 స్కేలులో, అంటే అసలు బండిలో పదో వంతు సైజులో, .15 లేదా .18 ఇంజిన్, అంటే సుమారు 2.5 లేదా 3 సీసీ, నేర్చుకోవడానికి సరిపోతుంది. 1/8 ట్రక్కుల ఇంజిన్లు 3.5 సీసీ, ఆ పైన ఉంటాయి. బలం ఎక్కువ, తాగుడూ ఎక్కువే.

హెచ్ఎస్‌పీ లాంటి చైనా ట్రక్కులు తక్కువ ధరలో వస్తాయి. ట్రాక్సస్, క్యోషో ఖరీదైనవి, నాణ్యత ఎక్కువ. ఏ పేరైనా సరే, పిస్టన్ సెట్టు, క్లచ్ బెల్, సస్పెన్షన్ ఆర్ములు, డిఫరెన్షియల్ గేర్లు విడిగా మన దేశంలో దొరుకుతున్నాయా అని ముందు చూడండి. విడిభాగాలు దొరకని గొప్ప ట్రక్కు కంటే దొరికే మామూలు ట్రక్కు నయం.

ట్రక్కుతో పాటు ఇంకేం కొనాలి?

ఇంధనం పోసే ఫ్యూయల్ బాటిల్, గ్లో ఇగ్నైటర్, రెండు మూడు అదనపు గ్లో ప్లగ్‌లు, ప్లగ్ విప్పే పానా, ఎయిర్ ఫిల్టర్ నూనె, ఆట అయ్యాక ఇంజిన్‌లో వేసే ఆఫ్టర్-రన్ ఆయిల్, రేడియోకు మంచి బ్యాటరీలు. ఇనుముకు ఇనుము బిగించే స్క్రూలకు నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చిన్న సీసా. ఈ ఇంజిన్ల వణుకుకు స్క్రూలు ఊడిపోతూనే ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ ఉంటే చాలా మంచిది.

కొత్త ఇంజిన్‌ను వెంటనే ఫుల్ స్పీడులో ఎందుకు నడపకూడదు?

ఈ ఇంజిన్లలో పిస్టన్‌కు రింగులుండవు. పిస్టన్ అల్యూమినియం, అది పైకీ కిందకీ ఆడే గొట్టం, అంటే స్లీవు, చాలావరకు ఇత్తడి, లోపల క్రోమియం పూత. స్లీవు పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చేసరికి బిగుసుకుంటుంది. ఇంజిన్ వేడెక్కితే ఇత్తడి ఎక్కువ వ్యాకోచించి ఆ బిగువు సరిగ్గా సరిపోయేటట్టు తయారు చేస్తారు. కొత్తలో ఈ రెండూ ఒకదానికొకటి కుదురుకోవాలి. సునాబేడలో యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేసే హెచ్ఏఎల్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు మీ ఇంట్లోనో, వీధిలోనో ఉంటే ఒకసారి ఈ పిస్టన్ చూపించండి. మిల్లీమీటరులో వందో వంతు తేడాకు ఎంత విలువో వాళ్ళు చెబితే మనసుకు పడుతుంది.

పద్ధతి ఇది. మిక్సింగు రిచ్‌గా పెట్టి, అంటే ఇంధనం ఎక్కువ వచ్చేలా చేసి, మొదటి ట్యాంకు నెమ్మదిగా, ఎక్కువభాగం ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా, నడవనివ్వండి. ఎగ్జాస్ట్ నుంచి పొగ, నూనె దండిగా రావాలి. మధ్యమధ్య ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి. ఆపినప్పుడల్లా ఇంజిన్ షాఫ్టుకున్న బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, తిప్పి పిస్టన్‌ను కిందకు తెచ్చి ఉంచండి. వేడి స్లీవు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు పిస్టన్ ఇరుకు చోట ఉండకూడదు. తర్వాతి ట్యాంకుల్లో కొద్దికొద్దిగా వేగం పెంచుతూ, ఇంధనం పాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవాలి. ఎన్ని ట్యాంకులన్నది మాన్యువల్ చెబుతుంది, ఐదారు దాకా పట్టవచ్చు.

రిచ్‌గా పెట్టమన్నారని ఇంజిన్ చల్లగా ఉండేంత ఇంధనం పోయించకూడదు. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, 90 డిగ్రీల దరిదాపుల్లో వేడెక్కాలి, లేకపోతే ఆ ఇరుకు చోటే పిస్టన్ రాపిడికి గురవుతుంది. కోరాపుట్, సెమిలిగుడ వైపు జనవరి ఉదయాల్లో ఇది నిజంగా సమస్యే. హెడ్డు చుట్టూ కొంత భాగం అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. లేదా ఎండ వచ్చేదాకా ఆగండి.

స్టార్టర్ తాడు లాగి లాగి చెయ్యి నొప్పెడుతోంది, స్టార్ట్ అవ్వడం లేదు. ఏం చూడాలి?

ముందు గ్లో ప్లగ్ విప్పి, ఇగ్నైటర్ తగిలించి చూడండి. తీగ మొత్తం నారింజ రంగులో వెలగాలి. వెలగకపోతే ఇగ్నైటర్ చార్జి లేదు, లేదా ప్లగ్ పోయింది. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత ఇంధనం పైపులో కార్బురేటర్ దాకా వస్తోందో లేదో చూడండి.

తాడు మధ్యలో రాయిలా ఆగిపోతే బలవంతంగా లాగకండి. సిలిండర్‌లో ఇంధనం నిండిపోయింది. ప్లగ్ తీసేసి, ట్రక్కును తలకిందులు చేసి, ముఖం పక్కకు తిప్పుకుని నాలుగైదు సార్లు లాగండి. లోపలి ఇంధనం చిమ్ముకొస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. తాడును ఎప్పుడూ చివరిదాకా లాగకూడదు, జానెడున్నర లాగుడు చాలు.

హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్: ఏది ఎప్పుడు తిప్పాలి?

ఇవి కార్బురేటర్‌లో ఇంధనం పాళ్ళు సరిచేసే స్క్రూలు. రెండిటికీ ఒకటే సూత్రం. బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, అది లీన్. వదులు చేస్తే ఇంధనం పెరుగుతుంది, అది రిచ్. గడియారంలో ఒక గంట ముల్లు జరిగేంత, అంటే చుట్టులో పన్నెండో వంతు మాత్రమే ఒకసారికి తిప్పాలి. తిప్పాక ట్రక్కును ఒక రౌండు నడిపి చూడాలి. ఫ్యాక్టరీ సెట్టింగు ఎన్ని చుట్లో కాగితం మీద రాసిపెట్టుకోండి, దారి తప్పితే అక్కడికి తిరిగి రావచ్చు.

ఇంజిన్ బాగా వేడెక్కాకే సెట్టింగు ముట్టుకోండి. మొదట హై స్పీడ్. ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు గొంతు పూడుకుపోయినట్టు గురగురమంటూ, పొగ విపరీతంగా వస్తూ, వేగం అందకపోతే రిచ్. కొద్దిగా బిగించండి. గట్టిగా అరుస్తూ వెళ్ళి హఠాత్తుగా నీరసపడితే, పొగ కనిపించకపోతే లీన్. వెంటనే ఆపి వదులు చేయండి. ఎంత వేగంలోనైనా వెనక సన్నటి నీలిపొగ గీత కనిపిస్తూ ఉండాలి. ఆ పొగ అంటే లోపల నూనె అందుతోందని అర్థం.

తర్వాత లో స్పీడ్. ఐడిల్‌లో ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గర ఇంధనం పైపును వేళ్ళతో నొక్కి పట్టండి. ఇంజిన్ శబ్దం కొద్దిగా పెరిగి రెండు నుంచి నాలుగు సెకన్లలో ఆగిపోతే సరిగ్గా ఉంది. వెంటనే ఆగితే లీన్. చాలాసేపు లాగితే రిచ్. ఐడిల్ స్క్రూ అన్నిటికంటే చివర.

వేగం కోసం ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగిస్తూ పోవడమే ఇంజిన్లను చంపేది. ఇంకా వేగం రాగలదని తెలిసినా కొంచెం రిచ్‌గానే వదిలేయండి.

బరంపురంలో చక్కగా నడిచిన ట్రక్కు కోరాపుట్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

గాలి మారింది కాబట్టి. బరంపురం దాదాపు సముద్రమట్టం దగ్గర ఉంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సుమారు 8 శాతం పలచన. అదే నీడిల్ సెట్టింగుతో ఇంధనం ఎక్కువైపోతుంది, ట్రక్కు రిచ్‌గా గురగురమంటుంది. కొద్దిగా బిగించాలి. ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. తిరుగు ప్రయాణం. కోరాపుట్‌లో బిగించిన నీడిల్‌తో కిందకు దిగి బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో స్టార్ట్ చేస్తే అది లీన్ అవుతుంది. ఘాట్ దిగాక మొదటి పని, నీడిల్ వదులు చేయడం. జయపురం వాళ్ళకు కోరాపుట్ పక్కనే అయినా మధ్యలో రెండు వందల మీటర్ల తేడా ఉంది.

వేడి కూడా ఇదే పని చేస్తుంది. 10 డిగ్రీల ఉదయానికీ 40 డిగ్రీల మధ్యాహ్నానికీ ఒకే ఊళ్ళో గాలి సాంద్రతలో పది శాతం దాకా తేడా వస్తుంది. కొండెక్కకుండానే కొండెక్కినట్టు. అంటే డిసెంబరులో గాలి చిక్కన, కొంచెం రిచ్ కావాలి. మే నెల రాయగడలో లెక్క ప్రకారం కొంచెం బిగించాలి. కానీ ఆ ఎండలో ఇంజిన్ చల్లబడడమే కష్టం కాబట్టి నేనైతే బిగించను, సాయంత్రం ఐదు దాటాక నడుపుతాను.

ఇంజిన్ ఎంత వేడెక్కితే ప్రమాదం?

గ్లో ప్లగ్ మొదట్లో టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే చాలా ఇంజిన్లకు 95 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య సరైనది. గన్ లేకపోతే హెడ్డు మీద ఒక నీటిచుక్క వేయండి. మూడు నుంచి ఐదు సెకన్లలో మెల్లగా ఇగిరిపోవాలి. చుర్రుమని ఎగిరిపోతే ఆపేయండి. అంకె కంటే కూడా పొగ, శబ్దం చెప్పేదే నమ్మండి.

మా ఎర్రమట్టి దుమ్ముతో ఇబ్బందా?

ఇబ్బందే. కోరాపుట్, రాయగడ ఎర్రదుమ్ము చాలా సన్నం. ఫిల్టర్ దాటి ఒక్క చిటికెడు లోపలికి వెళ్తే పిస్టన్, స్లీవు రాసుకుపోయి బిగువు పోతుంది, మళ్ళీ రాదు. ఫోమ్ ఫిల్టర్‌కు నూనె సమంగా పట్టించి, పిండి, జిప్‌టైతో గట్టిగా కట్టండి. ఆడిన ప్రతిసారీ విప్పి చూడండి. రెండు ఫోములు దగ్గరుంచుకుంటే ఒకటి ఉతికి ఆరేలోగా రెండోది వాడుకోవచ్చు. ఫిల్టర్ లేకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనుకోవద్దు.

ఆట అయిపోయాక ఏం చేయాలి?

ట్యాంకులో మిగిలింది తీసేయండి. పైపులో ఉన్నది కూడా అయిపోయేదాకా స్టార్ట్ చేసి ఆరిపోనివ్వండి. ప్లగ్ తీసి నాలుగైదు చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ వేసి, ఫ్లైవీల్ కొన్ని చుట్లు తిప్పండి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రోమీథేన్ మండగా మిగిలేవాటిలో ఆమ్లగుణం ఉంటుంది. రెండూ కలిసి బేరింగులను తుప్పు పట్టిస్తాయి. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయవద్దు. ఇంధనం డబ్బా మూత గట్టిగా పెట్టి, చీకటిగా, చల్లగా ఉండే చోట ఉంచండి.

ఎక్కడ నడపాలి?

వరి కోతలయ్యాక ఖాళీ పొలాలు బాగుంటాయి, రైతును అడిగి వెళ్ళండి. ఎండిన గడ్డి, కుప్పలు ఉన్న చోట వద్దు. వారంలో ఒక్కరోజే సంత జరిగే మైదానాలు మిగతా రోజుల్లో ఖాళీ. ఈ ఇంజిన్ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. బడి, ఆసుపత్రి, గుడి దగ్గర, పరీక్షల రోజుల్లో వీధిలో నడపవద్దు. పశువులు బెదురుతాయి. వేసవిలో అడవి అంచులకు అసలు వెళ్ళకండి, నిప్పు తేలిగ్గా పుడుతుంది.

రేడియోకు లైసెన్సు కావాలా? ట్రక్కు అదుపు తప్పితే?

ఇప్పటి ట్రక్కుల్లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వస్తున్నాయి. తక్కువ పవరు పరికరాలకు ఈ బ్యాండులో 2005 నుంచి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. స్టార్ట్ చేసే ముందు మొదట రిమోట్ ఆన్, తర్వాత ట్రక్కు ఆన్. ఆపేటప్పుడు మొదట ట్రక్కు. ఫెయిల్‌సేఫ్ సరిచేసుకోండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రిమోట్ స్విచ్ తీసేస్తే సర్వో (రేస్, బ్రేకు కదిలించే చిన్న మోటారు) దానంతట అదే బ్రేకు వైపు తిరగాలి. తిరగకపోతే ఆ రోజు ఆట లేదు. ఫుల్ రేస్‌లో ఉన్న మూడు నాలుగు కిలోల ట్రక్కు పిల్లల కాళ్ళను విరగ్గొట్టగలదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. భయమా?

జాగ్రత్త తప్పనిసరి. ఇంధనాన్ని ఎప్పుడూ నీళ్ళసీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. తాళం వేసే చోట పెట్టండి. చర్మం గుండా కూడా మిథనాల్ లోపలికి వెళ్తుంది, గ్లోవ్స్ వేసుకోండి. ఎండలో మిథనాల్ మంట దాదాపు కనిపించదు, అందుకే పక్కన ఇసుక బకెట్టు, వీలైతే పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచండి.

పొరపాటున ఎవరైనా మింగితే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకండి. మిథనాల్ విషం లక్షణాలు చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు బయటపడతాయి. అప్పటికి చూపు దెబ్బతినవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఇంధనం డబ్బా కూడా తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి. బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. వెళ్ళగానే "మిథనాల్" అనే మాట డాక్టరుకు చెప్పండి.

సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనవచ్చా?

చూసి కొనవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ తీసి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. పిస్టన్ పైకొచ్చేటప్పుడు బిగువు తగలాలి. జారుగా తిరిగితే పిస్టన్ సెట్టు అయిపోయింది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి, కార్బురేటర్ నోట్లో వేలు తిప్పి చూడండి. వేలికి ఎర్రదుమ్ము అంటితే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.